ఇఱుకు గదికొక పడకబల్ల



రాజుల చరిత్రలు, యుద్ధముల చరిత్రలు వినుటకు మీరు అలవాటుపడినవారు. నేడు నేను చెప్పబోవునది మంచపుకోటి చరిత్ర. నవ్వుదురేమో! అయినను అఱువదియేండ్లు దాటినవారికి ఈ విషయమున నవ్వు రాదు. రాత్రి రెండవజామున మెలకువ వచ్చినప్పుడు, ఇంటివారి నెవ్వరిని పిలువకుండ, తనంతట తాను లేచి నిలువగలుగుట యెంత గొప్ప సంగతియో వారికి తెలియును. నా విషయమున ఆ సంగతి పదునొకండు అంగుళముల కఱ్ఱపై ఆధారపడియుండెను. ఎట్లో చెప్పెదను.

బాల్యమున నేను గురువుగారి యింటనే యుండి కావ్యములును, కొంత వ్యాకరణమును చదివితిని. శిష్యులమందఱమును వసారాలో చాపలపై పరుండెడివారము. గురువుగారికి మాత్రము ఒక నులకమంచముండెను. ఒక వేసవి మధ్యాహ్నము వారు పొరుగూరికి వెళ్ళియుండగా నేను ఆ మంచముపై నడుము వాల్చితిని, వాల్చినవాడను నిద్రపోతిని. ఎప్పుడు తిరిగివచ్చిరో గాని, నా తలాపున నిలిచి, "ఖట్వారూఢుడవైతివిరా, నాయనా!" అనిరి. కొట్టలేదు, కేకలు వేయలేదు. ఆ సాయంకాలము పాణినీయమునుండి ఒక సూత్రమును తీసి నాచేతనే అర్థము చెప్పించిరి. నింద తోచునప్పుడు ఖట్వాశబ్దము మఱియొక పదముతో సమాసమగునని ఆ సూత్రమునకు తాత్పర్యము. ఖట్వ యనగా మంచము. ఆరూఢుడనగా ఎక్కినవాడు. చదువు ముగించి, గురువుననుజ్ఞ పొంది, స్నాతకుడై యింటికి వెళ్ళినవాడే మంచమెక్కవలెను. అంతకుముందే యెక్కినవాడు త్రోవ తప్పినవాడు. క్రమముగా ఆ మాట మంచముతో సంబంధములేని అవినీతిపరునికిని వర్తించినది. పాణిని క్రీస్తునకు నాలుగైదు శతాబ్దములకు పూర్వుడని చరిత్రజ్ఞు లందురు. అనగా అంతకాలముక్రిందటనే మన దేశమున మంచము వట్టి వస్తువుగా నుండక, మనుష్యుని దశకు గుఱుతైయుండెను. చదువుకొనువానికి నేల, పని ముగించుకొనినవానికి మంచము.

నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందితిని. ఇక మంచమెక్కుటకు నాకు సంపూర్ణమైన అధికారము కలదు గదా! అధికారమైతే వచ్చినది గాని చోటు దొరకలేదు. మా అబ్బాయి పట్టణమున రెండు గదుల యింట కాపురమున్నాడు. నాకిచ్చిన గది పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. పగలు వచ్చినవారు కూర్చుండునదియు అదే. మా తండ్రిగారి పట్టెమంచము ఆఱున్నర యడుగుల పొడవును, నాలుగడుగుల వెడల్పును గలది. దానిని విప్పి తెచ్చి బిగించినను గదిలో మనుష్యులకు చోటు మిగులదు. కనుక దానిని పల్లెలోనే పశువులశాలలో గోడకు చేరవేసి, నేను చాపతో సరిపెట్టుకొంటిని.

ఒక రాత్రి లేవబోవ మోకాలు పట్టుతప్పి, మంచినీళ్ళ బిందెమీద పడితిని. ఇల్లంతయు లేచినది. దెబ్బ పెద్దది కాదు. కాని మఱునాటి రాత్రినుండి మా అబ్బాయి నా ప్రక్కనే చాప వేసికొని పరుండసాగెను. పగలెల్ల కష్టపడి వచ్చిన బిడ్డ, నేను ఒత్తిగిలినప్పుడెల్ల మేల్కొని "నాన్నగారూ, లేవవలెనా?" అని యడుగుచుండెను. దెబ్బకంటె ఆ ప్రశ్న నన్నెక్కువ బాధించినది. అటుపిమ్మట ఒక అంగడినుండి సోఫా యొకటి తెచ్చిపెట్టినాడు. అది మిక్కిలి మెత్తనిది. మెత్తదనమే దాని దోషము. కూర్చున్నచో నడుము లోనికి దిగి, మోకాళ్ళు పైకి వచ్చును. చాపమీదినుండి లేచుటయే దానికంటె నయము. పరుండుటకా, పొడవు చాలదు. దానిని తిరిగి పంపించి, నాకు తగినట్టుగా నేనే యొక పడకబల్లను చేయించుకొనవలెనని నిశ్చయించితిని. పండితులకు సహజమైన రోగముచేత, వడ్రంగిని పిలుచుటకు ముందు పుస్తకములు విప్పితిని.

అథర్వవేదమున పదునైదవ కాండమునకు వ్రాత్యకాండమని పేరు. అందులో వ్రాత్యుడు ఒక సంవత్సరకాలము నిలువుకాళ్ళపై నుండెనట. దేవతలు వచ్చి యేల నిలిచియున్నావని యడుగగా, నాకొక ఆసందిని తెచ్చిపెట్టుడని కోరెను. ఆసంది యనగా కూర్చుండుటకు అమర్చిన పీఠము. దేవతలు తెచ్చిన ఆ పీఠమునకు గ్రీష్మవసంతములు రెండు కోళ్ళు. శరత్తును వర్షర్తువును మఱి రెండు. బృహత్తు, రథంతరము అను సామములు నిలువుపట్టెలు. యజ్ఞాయజ్ఞియము, వామదేవ్యము అనునవి అడ్డపట్టెలు. ఋక్కులు నిలువునకు అల్లిన త్రాళ్ళు, యజుస్సులు అడ్డమునకు అల్లినవి. వేదము పైన పఱచిన పఱుపు; బ్రహ్మము తలగడ; ఆనుకొనుటకు ఉద్గీథము. ఇందలి వేదాంతమును వేదాంతులు చెప్పుదురు గాక. నేను చూచిన దేమనగా, ఈ వర్ణనను చేసిన ఋషి మంచమల్లుచుండగా దగ్గఱ కూర్చుండి చూచినవాడు! నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, నిలువల్లిక, అడ్డల్లిక, పఱుపు, దిండు, వీపునకు ఆనుడు: ఒక్క అంగమును మఱువలేదు. నేడు మన వడ్రంగులు చేయు పడకబల్లలో దీనికంటె ఎక్కువ యేమున్నది?

ఐతరేయబ్రాహ్మణమున రాజాభిషేకపు ఆసందికి కొలతలు కూడ చెప్పబడినవి. అది మేడికఱ్ఱతో చేయవలెను. కోళ్ళ యెత్తు ప్రాదేశమాత్రము, పట్టెల పొడవు అరత్నిమాత్రము, అల్లిక ముంజగడ్డిది, పైన పులితోలు. ప్రాదేశ మనగా పండ్రెండంగుళులు, మన మాటలో ఇంచుమించు జేనెడు. అరత్ని ఇరువదినాలుగంగుళులు, మన మూరెడు. నేటి లెక్కకు 9 అంగుళముల యెత్తు, 18 అంగుళముల చదరము. మహారాజును కూర్చుండబెట్టి అభిషేకించెడు సింహాసనము మన వంటయింటి పీటకంటె కొంచెము పెద్దది! పులితోలు తీసివేసినచో గుర్తుపట్టలేము. ఈ మూరెడు కొలతను మీరు జ్ఞాపకముంచుకొనవలెను; దానితో మరల పని యున్నది.

ఇఱుకైన యింట పడక యెట్లుండవలెనను ప్రశ్నను అందఱికంటె ముందుగ, అందఱికంటె శ్రద్ధగ విచారించినవారు బౌద్ధభిక్షువులు. వారికి ఇల్లు లేదు. ఉన్నది ఒక చిన్న గది, అందును తఱచుగ ఇద్దఱు. వినయపిటకములో నాలుగు విధముల మంచములు పేర్కొనబడినవి. కోటికి బెజ్జము వేసి పట్టెను అందులో దూర్చినది మసారకము. పట్టెలే కోటిని పట్టుకొనియుండునట్లు చేసినది బుందికాబద్ధము. వంకరకాళ్ళు గలది కుళీరపాదకము, అనగా ఎండ్రకాయ కాళ్ళది. ఇక పట్టెకు బెజ్జము వేసి కోటిశిరస్సును అందులో నిలిపినది ఆహచ్చపాదకము. దాని కోళ్ళను ఊడదీయవచ్చును. మన పల్లెలలోని నులకమంచము మొదటి జాతిది.

ఆ నాలుగవ జాతి మంచమునుగుఱించి ఒక కథ కలదు. అటక గల యొక విహారమున ఇద్దఱు భిక్షువులుండిరి, క్రింద ఒకడు, పైన ఒకడు. పైవాడు కోళ్ళూడెడు మంచముపై త్వరపాటుతో ధభాలున కూర్చుండెను. కోడు ఊడి, అటక సందులోనుండి జాఱి, క్రిందివాని నెత్తిమీద పడెను. వాడు గోలపెట్టినాడు. తగవు బుద్ధునివద్దకు పోగా, అటువంటి అటకలపై అటువంటి మంచముమీద కూర్చుండుటగాని పరుండుటగాని తగదని నియమ మేర్పడెను. కాని కోటికి చీల వేసి బిగించియున్నచో దోషము లేదని కూడ చెప్పబడినది. ఈ కథ చదివినప్పుడు నాకు మా బిందె జ్ఞప్తికి వచ్చినది. ఒకని పడక సరిగా లేనియెడల ప్రక్కవాని నిద్ర చెడును. ఇఱుకింటి ధర్మశాస్త్రమంతయు ఇందులోనే యున్నదని నా యభిప్రాయము.

మఱియొక నియమము ఎత్తునుగుఱించినది. ఉపనందుడను భిక్షువు ఎత్తైన మంచము చేయించుకొని దానిపై శయనించుచుండెను. బుద్ధుడు భిక్షువుల గదులను చూచుచు అటు వచ్చినప్పుడు, నా మంచమును చూడుడని సగర్వముగ పిలిచెను. బుద్ధుడు అక్కడనుండియే మఱలి వెళ్ళి, కొత్తగా చేయించు మంచమునకు పట్టె క్రిందినుండి కోళ్ళ యెత్తు సుగతాంగుళములు ఎనిమిదికి మించరాదని శాసించెను. మించినదానిని కోసివేయవలెను, ఆ తరువాతనే ప్రాయశ్చిత్తము. కోత గల దోషము గనుక దానికి ఛేదనక మని పేరు. ఈ ఛేదనకము నా తలకు చుట్టుకొనునని చదువుచున్నప్పు డెఱుగను.

కఱ్ఱ మంచములు చీకిపోయినవి గాని, రాతివి నిలిచినవి. నాసికవద్ద కొండలో తొలిచిన విహారములలో మూడవదానియందు శాతవాహన రాజమాత గౌతమీ బలశ్రీ వ్రాయించిన శాసనమున్నది. అది పులుమావి పరిపాలనమున 19వ యేట, క్రీస్తుశకము రెండవ శతాబ్దములో చెక్కించినది. ఆ విహారమున పదునెనిమిది చిన్న గదులు; గదులలో కొండరాతినే మలచి పడకతిన్నెలు విడిచినారు. కాన్హేరి గుహలలోను అటువంటివే కలవు. వడ్రంగితో పనిలేదు, కదల్చనక్కఱలేదు, కోడు ఊడి యెవని నెత్తిమీదను పడదు. రాత్రి పడక, పగలు ఆసనము. మన అమరావతి శిల్పములలోనేమో మాయాదేవి స్వప్నము చెక్కిన చోట రాణివాసపు శయ్య కనుపించును. నలుగురు లోకపాలకులు కావలి. రాణికి కావలి యున్నది, భిక్షువునకు గోడ యున్నది.

ఈ రాతితిన్నెలను తలచుకొనినప్పుడు మన పల్లెటింటి అరుగు మనస్సునకు వచ్చును. పూర్వపు యింట సోఫా యేల లేదని యెవరైన నడిగినచో, అరుగు ఉండెను గనుక అని చెప్పుదును. వచ్చినవాడు అరుగుమీద కూర్చుండును. ప్రొద్దుపోయినచో అక్కడనే పరుండును. ముసలివాడు పగలెల్ల అరుగుమీదనే యుండి వీథి చూచును. దాని యెత్తు కాళ్ళు వ్రేలాడదీసి కూర్చుండుటకు తగినంత; లేచుటకు ప్రక్కన స్తంభము. నులకమంచము రాత్రి వాల్చునది, పగలు గోడకు నిలువబెట్టునది. ఈ రెండును గలిసి చేసిన పనిని నేడు ఇఱుకు గదిలో ఒక్క పడకబల్ల చేయవలసియున్నది.

విచిత్రమేమనగా సోఫా యను మాటకును మొదట అరుగనియే యర్థము. అరబ్బీలో సుఫ్ఫా యనగా తిన్నె, గట్టు. అది తురకభాషద్వారా ఐరోపాకు పోయి, అక్కడ మెత్తలు కుట్టించుకొని, సోఫాయై మన యింటికి వచ్చినది. మన అరుగే వేషము మార్చుకొని లోపలికి వచ్చినదని యనుకొనవచ్చును. పట్టణములలో దివాన్ కాట్ అనునది యొకటి అమ్ముదురు. దివాను పారసీకపదము. మొదట లెక్కల పుస్తకము, పిదప కచ్చేరి, పిదప కచ్చేరిలో గోడవెంట వేసిన ఆసనము. మన దివాణము ఆ చుట్టమే. ఇక కాట్ అనునది ఇంగ్లీషువారు 17వ శతాబ్దములో మన దేశమున నేర్చుకొన్న ఖాట్ అను హిందీమాట. దానికి మూలము మా గురువుగారి ఖట్వ. ఆ ఖట్వ సంస్కృతమునకు ద్రావిడభాషలనుండి వచ్చినదని కొందఱు భాషావేత్తల మతము. అఱవములో మంచమును కట్టిల్ అందురు. త్రాళ్ళతో కట్టినది గనుక. మన కట్టు అను ధాతువే యది. పర్యంకమో, పాణిని నియమముచేతనే పల్యంకమై, ప్రాకృతమున పల్లంకమై, మన పల్లకియైనది. అనగా పల్లకి యనునది నడచిపోయెడు మంచము. మాటల చరిత్రలోనికి దిగినచో నాకు కాలము తెలియదు. వడ్రంగి కాచుకొనియున్నాడు.

కొలతలకొఱకు నేను ఆశ్రయించినవాడు వరాహమిహిరుడు. ఆఱవ శతాబ్దివాడు, బృహత్సంహితలో శయ్యాసనలక్షణమునకు ప్రత్యేకముగ నొక అధ్యాయము వ్రాసినాడు. వేగి, మద్ది, గంధము, దేవదారు, టేకు, ఇరుగుడు మొదలైన మంచి కఱ్ఱలు చెప్పినాడు. పిడుగుపడినదియు, ఏనుగు కూల్చినదియు, తేనెపట్టు గాని పక్షిగూడు గాని యున్నదియు, శ్మశానమున పుట్టినదియు పనికిరావన్నాడు. పక్షిగూడున్న చెట్టును నఱుకవద్దనుట నాకు మిక్కిలి నచ్చినది. పొట్టు తీసిన యవలు ఎనిమిది ప్రక్క ప్రక్కన పేర్చినచో ఒక కర్మాంగుళము. మహారాజు మంచము నూఱు కర్మాంగుళములు. రాజపుత్రునికి 90, మంత్రికి 84, సేనాపతికి 78, పురోహితునికి 72. పొడవులో సగము తీసి, అందులో ఎనిమిదవ పాలు తగ్గించినచో వెడల్పు. పొడవులో మూడవ పాలు కోళ్ళ యెత్తు.

కర్మాంగుళమును ముప్పాతిక అంగుళముగ నెంచి నేను లెక్కవేసితిని. పురోహితుని మంచము 54 అంగుళములు, అనగా నాలుగున్నర యడుగులు! పాపము, ఆ పురోహితుడు మోకాళ్ళు ముడుచుకొని పరుండవలసినదే. మంత్రిదియు అయిదడుగుల మూడంగుళములే. కాళ్ళు చాచుకొను భాగ్యము, లెక్కప్రకారము, రాజున కొక్కనికే: 75 అంగుళములు. వెడల్పు దాదాపు 33, ఎత్తు 25. ఇందులో కొలిచినది మనుష్యుని దేహమును గాదు, పదవిని. సేనాపతి రాజుకంటె పొడగరియైనచో ఏమగును? ఆ శంకకు సమాధానము లేదు. ఈ లోపము కనిపెట్టినందుకు నేను సంతోషించితినే గాని, దానినుండి నేర్చుకొనలేదు. పండితుడను గదా యని పురోహితుని మంచము తీసికొనుటకు నిడివి చాలదు. కనుక రాజుగారి కొలతయే నాకు తగునని తీర్మానించితిని. గది ఇఱుకగుటచే వెడల్పు మాత్రము 28 అంగుళములకు తగ్గించితిని. ఎత్తు 25.

ఆచారిగారు వృద్ధుడైన వడ్రంగి, మితభాషి. కాగితము చూచి, "పంతులుగారూ, ఎత్తు ఇంతేనా?" అని యొక్కసారి యడిగెను. శాస్త్రప్రమాణమంటిని. అతడు మాఱు మాటాడలేదు. పల్లెలో పడగొట్టిన మా పాతయింటి టేకు గుమ్మము నా దగ్గఱ నుండెను. దానినుండి కోళ్ళు తీసినాడు. పట్టెలు వేపకఱ్ఱవి, నాలుగంగుళముల వెడల్పు, అంగుళముంబాతిక మందము. కోళ్ళకు బెజ్జములు వేసి, పట్టెకొనలను సన్నముగ చెక్కి లోనికి దింపి, అడ్డముగ వెదురు చీలలు కొట్టెను. ఇనుపమేకు ఒక్కటియు లేదు. పైన మూడంగుళముల వెడల్పుగల వేపపట్టీలు అడ్డముగ, రెండేసి వ్రేళ్ళ సందు విడిచి పఱచెను. సందులు లేనిచో పఱుపునకు గాలి తగులక చెమర్చునని చెప్పినాడు.

ఒకే చెట్టు మంచము మంచిదనియు, రెండు చెట్లది అంతకంటె మంచిదనియు, మూడింటిది సంతానవృద్ధినిచ్చుననియు, అయిదు చెట్లది పంచత్వమునే యిచ్చుననియు, ఆఱేడెనిమిదింటిది కులనాశకమనియు వరాహమిహిరుడు వ్రాసినాడు. నా మంచమునకు టేకు, వేప రెండు. వెదురు చీలలను చేర్చినచో మూడు; వెదురు గడ్డిజాతియందురు గనుక లెక్క మీ యిష్టము. ఆచారిగారి కీ సంగతి చెప్పగా, రకరకముల కఱ్ఱలు వానకు ఉబ్బుటలోను, ఎండకు కుదించుటలోను ఒకదానితో నొకటి కలియవనియు, బెజ్జములు వదులగుననియు చెప్పినాడు. పంచత్వమున కిది యొక మంచి వ్యాఖ్య.

మంచము గదిలోనికి వచ్చినది. నేను ఎక్కి కూర్చుంటిని. రెండు పాదములును నేలకు జానెడు పైన వ్రేలాడినవి. పఱుపుతో గూడ 28 అంగుళముల యెత్తాయెను! క్రింద పట్టె తొడలను కోయుచుండెను. కొంతసేపటికి కాళ్ళు తిమ్మిరెక్కినవి. దిగుటకు దూకవలెను, దూకు వయస్సా నాది? మా అబ్బాయి పెదవి కదపలేదు గాని, ఆ రాత్రి చాపను మరల నా ప్రక్కనే పఱచినాడు. నాకు ఏడుపు వచ్చినంత పనియైనది. మఱునాడు ఆచారిగారు వచ్చి చూచి, గంభీరముగ, "పంతులుగారూ, ఎక్కుటకొక పీట కూడ చేసిపెట్టుదునా?" అనెను. ఇంటిల్లిపాది నవ్వినారు. నేనును నవ్వితిని.

అప్పుడతడు నన్ను కొలిచినాడు. పలకలు కొన్ని యొకదానిపై నొకటి పేర్చి నన్ను కూర్చుండబెట్టి, ఒక్కొక్క పలకను తీయుచు, పెట్టుచు, మడమలు పూర్తిగ నేలకాని తొడలు సమముగ నిలుచువఱకు సరిచూచెను. పిదప మోకాటి వెనుక మడతనుండి మడమవఱకు ఒక పుల్లతో కొలిచి గాటు పెట్టెను. పదునాఱున్నర. మోకాళ్ళు బలహీనమైనవారికి అరంగుళము ఎక్కువయే మేలు, తక్కువైనచో లేవలేరు అని చెప్పి, పఱుపుతో కలిసి 17 అంగుళములుగా నిశ్చయించెను. మూడంగుళములు పఱుపునకు పోగా కోడు పదునాలుగు. ఇక ఱంపము తీసి, ఒక్కొక్క కోటికి పదునొకండంగుళములు కోసివేసినాడు. ఛేదనకము! ఉపనందునికి ఎనిమిది సుగతాంగుళములు. నాకు ఆచారిగారి పుల్ల.

కోసిన నాలుగు ముక్కలును వ్యర్థము కాలేదు. రెండింటిని తలవైపు పట్టెపై నిలిపి చీలలు కొట్టి, పైన నున్నని కఱ్ఱ యొకటి వేసినాడు. లేచునప్పుడు దానిపై చేయి ఆనించినచో, అరుగు ప్రక్కన స్తంభమున్నట్లే యుండును. మిగిలిన రెండును ఒక పలకకు అడుగున పాదములైనవి. ఆ పీటపై మా మనుమరాలు కూర్చుండి అక్షరములు దిద్దుచున్నది. కొలిచి చూచితిని, 9 అంగుళముల యెత్తు లేదు. లేకున్న అభిషేకమునకు పనికివచ్చును.

ఇంకొక చిక్కు మిగిలినది. పరుండుటకు 28 అంగుళముల వెడల్పు వలయును. కూర్చుండువానికి అంత వెడల్పు కూడదు. వీపు గోడకానించినచో కాళ్ళు బల్లపైననే యుండిపోవును, కాళ్ళు దించినచో వీపునకు ఆనుడుండదు. కూర్చుండుటకు తగిన లోతెంత యని ఆచారిగారు నన్ను మరల కొలువగా పదునెనిమిది వచ్చినది. మూరెడు! ఐతరేయమువారి అరత్నియే! ఆసందికి ఆసంది కొలత, శయ్యకు శయ్య కొలత. నడుమ పదియంగుళములు తేడా. ఆ తేడాను పూరించుటకు పదియంగుళముల మందముగల బాలీసులు రెండు బూరుగుదూదితో గట్టిగ కుట్టించితిమి. పగలు అవి గోడవెంట ఆనుడుగ నుండును. రాత్రి ఒకటి కాళ్ళదగ్గఱకును, ఒకటి బల్ల క్రిందికిని పోవును. ఒక్క బల్ల పగటికి ఆసంది, రాత్రికి శయ్య. బల్ల క్రింద నా పుస్తకముల పెట్టెలు రెండును పట్టినవి. గదిలో నడచుటకు అయిదడుగుల చోటు మిగిలినది.

ఆ రాత్రి నేను రెండుసార్లు లేచితిని. మొదటిసారి మా అబ్బాయి కన్నులు తెఱచి చూచినాడు. రెండవసారి తెఱవలేదు. నాలుగవనాడు తన చాపను లోపలి గదిలోనికి తీసికొనిపోయినాడు.

మొన్న మా యూరినుండి నా బాల్యమిత్రుడొకడు వచ్చెను. నాకంటె రెండేండ్లు పెద్ద, చేతికఱ్ఱతో నడచును. బల్లపై కూర్చుండి, ఊరి సంగతులన్నియు చెప్పి, మధ్యాహ్నము దానిపైననే కొంచెము కునికినాడు. వెళ్ళునప్పుడు చేయికఱ్ఱపై చేయి వేసి, నేను అందించిన చేతిని పట్టుకొనకుండ లేచినాడు. గుమ్మముదాక వెళ్ళి, మరల వెనుకకు వచ్చి, తన చేతికఱ్ఱను కోటిప్రక్క నిలిపి, పఱుపుమట్టమునకు సరిగా గోటితో గీచి, ఆ గుఱుతు చెఱిగిపోకుండ దారము కట్టిపెట్టుమని నన్నడిగెను. అది నా కొలతయే, నీది వేఱుగ కొలిపించుకొనుమని చెప్పి దారము కట్టితిని.